ముసలి బండికి ఖరీదైన పెట్రోలు

ఒహాయోలో మా ఊరి తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మాటలు మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి: వీసాలు, పిల్లల కాలేజీలు, హైదరాబాదులో స్థలాల ధరలు. ఈ మధ్య నాలుగోది ఒకటి చేరింది. పాత మోటారు సైకిళ్ళు. గ్రీన్ కార్డు వచ్చి, ఇంటి అప్పు సగం తీరి, నడుంనొప్పి కొత్తగా పరిచయమయ్యే వయసులో మనవాళ్ళకి ఉన్నట్టుండి చిన్నప్పటి బుల్లెట్టు గుర్తొస్తుంది. ఒకాయన పాత ట్రయంఫ్ కొన్నాడు. ఇంకొకాయన ఏకంగా ఇండియా నుంచి జావా తెప్పించుకున్నాడు. నేనూ ఆ తానులో ముక్కనే. నా గరాజులో 1960ల నాటి బుల్లెట్టు ఒకటి ఉంది. అది రోడ్డు మీద తిరిగిన రోజులకన్నా నేను దాని పక్కన స్పానరు పట్టుకుని కూర్చున్న రోజులే ఎక్కువ.

కిందటి వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి బయల్దేరాం. దారిలో బంకు దగ్గర ఆగితే, ట్రయంఫ్ మిత్రుడు నేరుగా వెళ్ళి 93 మీట నొక్కాడు.

"అదేమిటండీ, తొంభై మూడు కొడుతున్నారు?" అన్నాను.

"మరి ముసలాయనకి మంచి తిండి పెట్టొద్దా?" అన్నాడాయన.

అందరం నవ్వాం. ఆయన మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ లెక్క తప్పు. రెండేళ్ళ క్రితం దాకా నేనూ అదే లెక్క వేసి, దాని ఫలితం అనుభవించాను కనక ఈ వ్యాసం రాయడానికి నాకు కాస్త అర్హత ఉందనుకుంటున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. పాత బండికి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పొయ్యడం చాలా వరకు దండగ. పొయ్యవలసిన సందర్భాలు లేకపోలేదు. కానీ వాటిలో ఎక్కువ భాగం బంకు మీద పెద్దగా రాసిన ఆ అంకె కోసం కాదు. చిన్నగా రాసిన, లేదా అసలు రాయని ఇంకో అంకె కోసం. మనం మొదటి అంకెకి డబ్బు కడుతున్నాం, రెండోదాన్ని గురించి అడగడం లేదు.

ఆక్టేన్ అంటే బలం కాదు

ముందు ఆ పెద్ద అంకె సంగతి చూద్దాం. ఇంజనులో పిస్టను పైకి వస్తూ గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. సమయం చూసి ప్లగ్గు నిప్పురవ్వ విసురుతుంది. దీపావళినాడు సీమటపాకాయల దండకి ఒక చివర అంటిస్తే వరసగా పేలుకుంటూ పోయినట్టు, మంట ప్లగ్గు దగ్గర మొదలై అవతలి గోడ దాకా క్రమంగా పాకాలి. ఒక్కొక్కసారి అలా జరగదు. మంట ఇంకా సగం దారిలో ఉండగానే, అవతలి మూల నలిగి వేడెక్కిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. లోపలినుంచి సుత్తితో కొట్టినట్టు టకటకమని చప్పుడు వస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు గేరు దించకుండా యాక్సిలరేటర్ తిప్పితే మనలో చాలామంది విన్న చప్పుడే అది. అలాగే వదిలేస్తే పిస్టను పాడవుతుంది.

ఆక్టేన్ అంకె చెప్పేది ఈ ఒక్క విషయమే: ఈ పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుంది? 1920లలో ఎథిల్ కార్పొరేషన్‌లో పనిచేసిన గ్రాహం ఎడ్గార్ ఈ కొలబద్ద తయారుచేశాడు. బాగా ఓర్చుకునే ఐసో ఆక్టేన్‌కి 100, ఏమాత్రం ఓర్చుకోలేని హెప్టేన్‌కి సున్నా. ఈ రెండిటినీ ఏ పాళ్ళలో కలిపితే మన పెట్రోలుతో సమానంగా నాక్ అవుతుందో చూసి అంకె ఇస్తారు. నడుస్తుండగానే కుదింపు నిష్పత్తి మార్చగల ఒంటి సిలిండరు ఇంజను మీద ఈ పరీక్ష చేస్తారు.

ఈ పరీక్షలో రెండు రకాలున్నాయి. 600 చుట్ల వేగంలో చేసేది రీసెర్చ్ ఆక్టేన్, 900 చుట్ల వేగంలో ఇంకా వేడిగా చేసేది మోటార్ ఆక్టేన్. రెండోదాంట్లో అంకె తక్కువ వస్తుంది. ఇండియా, ఇంగ్లండు, గల్ఫ్, మలేసియాల్లో బంకు మీద మొదటి అంకె రాస్తారు. అమెరికాలో రెండిటి సగటు రాస్తారు. అందుకని అమెరికాలో 87 అంటే ఇండియాలో సుమారు 91. "మీ అమెరికాలో ఎనభై ఏడేనా? మా గుంటూరులో తొంభై ఒకటి" అని మా బావగారు ఫోనులో మీసం మెలేస్తే నేను ఏమీ అనలేకపోయాను. రెండూ ఇంచుమించు ఒకే పెట్రోలని ఆయనకి చెప్పడం కన్నా ఒప్పుకోవడమే తేలిక.

ఇందులో ఎక్కడా బలం అన్న మాట రాలేదని గమనించండి. ఆక్టేన్ ఎక్కువైనంత మాత్రాన అందులో శక్తి ఎక్కువ ఉండదు. ఇథనాల్‌నే తీసుకోండి. దాని ఆక్టేన్ 100 దాటుతుంది, కానీ లీటరుకి లీటరు పోలిస్తే పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు శక్తి తక్కువ. ఓర్పు వేరు, బలం వేరు.

మరి ఓర్పు ఎవరికి కావాలి? గట్టిగా నొక్కేవాడికి. ఇంజను కుదింపు నిష్పత్తి ఎంత ఎక్కువైతే అంత ఆక్టేన్ కావాలి. ఇప్పుడు మన ముసలి బండ్ల అంకెలు చూడండి. నా గరాజులో ఉన్నలాంటి మూడొందల యాభై బుల్లెట్టు 7.25కి 1. ఇండియాలో చేసిన పాత అయిదొందల బుల్లెట్టు ఇంకా తక్కువ, 6.5కి 1. తన కాలంలో ప్రపంచంలోకెల్లా వేగమైన బండి అనిపించుకున్న విన్సెంట్ బ్లాక్ షాడో కూడా 7.3కి 1 మాత్రమే. దీనికి చారిత్రక కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన దగ్గరనుంచి 1953 మొదట్లో కంపెనీల సొంత పేర్లతో పెట్రోలు మళ్ళీ అమ్మకానికి వచ్చేదాకా ఇంగ్లండులో అందరికీ ఒకటే నాసిరకం 'పూల్' పెట్రోలు. దాని ఆక్టేన్ 70 చిల్లర. ఆ పెట్రోలు తాగి బతకడానికి తయారైన ఇంజన్లు ఇవి. మన బుల్లెట్టు కూడా ఆ కుటుంబంలోదే. 1955లో మద్రాసులో తయారీ మొదలైనప్పుడు ఆ డిజైను ఇంగ్లండు నుంచి వచ్చిందే.

అంటే ఇవాళ అమెరికాలో అన్నిటికన్నా చవకైన 87 కూడా ఈ బండ్లు పుట్టిననాటి పెట్రోలు కన్నా మెరుగైనది. రాకీ పర్వతాల రాష్ట్రాల్లో 85 అమ్ముతారు. కొత్త కారులో అది పొయ్యవద్దని కారు కంపెనీలు చెబుతాయి, కానీ నా బుల్లెట్టుకి అదీ చాలు.

కొత్త కార్ల సంగతి వేరు. వాటిలో నాకింగ్‌ని కనిపెట్టే సెన్సరు ఉంటుంది. మంచి పెట్రోలు పడిందని తెలిస్తే కంప్యూటరు నిప్పురవ్వని కాస్త ముందుకి జరిపి నాలుగు గుర్రాలు అదనంగా పిండుకుంటుంది. మన పాత బండికి చెవులూ లేవు, మెదడూ లేదు. ఉన్నదల్లా రెండు ప్లాటినం పాయింట్లు, వాటిని తెరిచే ఒక కామ్. పెట్రోలు మారిన సంగతి దానికి తెలిసే దారే లేదు. మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఒకే థ్రెడ్ మీద నడిచే పాత ప్రోగ్రాముని పదహారు కోర్ల మిషను మీద పెట్టినట్టు. పదిహేను కోర్లు ఖాళీగా కూర్చుంటాయి, బిల్లు మాత్రం పదహారింటికీ వస్తుంది.

ఈ జబ్బు పాత బండ్లవాళ్ళకే పరిమితం కాదు. అమెరికాలో అవసరం లేకుండా ప్రీమియం పోయించుకునేవాళ్ళు ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని 2016లో ట్రిపుల్ ఏ సంస్థ లెక్కగట్టింది. 'ప్రీమియం' అన్న మాటకి అంత మహిమ ఉంది. అదే మీట మీద 'ఓర్పు ఎక్కువ రకం' అని రాసి ఉంటే ఎంతమంది నొక్కేవారో!

ఈ నమ్మకం ఎక్కడిది?

అయితే పాత బండికి మంచి పెట్రోలు పొయ్యాలన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. ఒకప్పుడు దానికి ఆధారం ఉండేది. ఆ ఆధారం పేరు సీసం.

మా ఒహాయోలోనే డేటన్ అని ఒక ఊరుంది. 1921 డిసెంబరులో అక్కడ జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో టెట్రా ఎథిల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం రవ్వంత కలిపితే నాకింగ్ ఆగిపోతుందని కనుక్కున్నాడు. 1923 ఫిబ్రవరిలో ఆ ఊళ్ళోనే మొట్టమొదట అమ్మారు. ఆ తర్వాత సుమారు అరవై ఏళ్ళపాటు ఆక్టేన్ పెంచడానికి ప్రపంచమంతా పట్టిన అడ్డదారి అదే. సీసానికి ఇంకో గుణం కూడా ఉండేది. అది కాలగా మిగిలిన పొడి వాల్వు కూర్చునే పీట మీద పలచగా పేరుకుని, లోహానికి లోహం నేరుగా తగలకుండా మెత్తలాగా పనిచేసేది. మెత్తటి ఇనుప పీటలున్న ఇంజన్లకి అది ఆయుర్దాయం.

సీసం మెదడుకి, ముఖ్యంగా పిల్లల మెదడుకి విషం. అమెరికాలో రోడ్డు బండ్లకి 1996లో, ఇండియాలో, ఇంగ్లండులో 2000లో సీసపు పెట్రోలు పోయింది. చివరగా 2021లో అల్జీరియా కూడా ఆపేశాక ప్రపంచంలో ఎక్కడా బంకుల్లో లేదని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. పీడ విరగడైంది. కానీ నమ్మకం మిగిలిపోయింది. సీసం ఉన్న రోజుల్లో ఖరీదైన పెట్రోలు అంటే ఆక్టేనూ ఎక్కువే, వాల్వులకి రక్షణా ఉండేది. ఇవాళ 93 లోనూ సీసం లేదు, 87 లోనూ లేదు. వాల్వు పీటలకి రెండూ ఒకటే. పెద్ద అంకె వాటిని కాపాడదు. నిజంగా ఆ భయం ఉంటే, ఈసారి హెడ్డు విప్పినప్పుడు గట్టి పీటలు వేయించుకోవడమే మందు. చాలా బండ్లకి ఆ అవసరమూ త్వరగా రాదు.

కొందరు భక్తులు ఇంకో మెట్టు పైకెక్కి చిన్న విమానాలకి వాడే 100 ఎల్.ఎల్. పెట్రోలు తెచ్చి పోస్తుంటారు. పేరులో 'లో లెడ్' అని ఉన్నా అందులో లీటరుకి అర గ్రాము పైచిలుకు సీసం ఉండవచ్చు. పిల్లలు ఆడుకునే గరాజులో ఆ పొగ వదలడానికి ఏ పాతకాలపు ప్రేమా సాకు కాదు. పైగా అమెరికాలో దాన్ని రోడ్డు మీద వాడటం చట్టవిరుద్ధం. ఇక సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్ల మీద '30 పాయింట్లు పెంచును' అని చూసి మురిసిపోకండి. వాళ్ళ భాషలో పది పాయింట్లు కలిస్తే ఒక ఆక్టేన్. ముప్ఫై అంటే మూడు.

రాయని అంకె

ఇప్పుడు నా కథ. రెండేళ్ళ క్రితం అక్టోబరు చివర్లో, చలికాలం వస్తోంది కదా అని నా బుల్లెట్టులో 93 పోయించి, సగం ట్యాంకుతో గరాజులో ఓ మూల పెట్టాను. ఖరీదైన పెట్రోలు పోశాను కనక బండి సుఖంగా నిద్రపోతుందని నా ధీమా. ఏప్రిల్‌లో దుప్పటి తీసి కిక్కు కొట్టాను. ఇరవై కొట్టినా ఉలకలేదు, పలకలేదు. కార్బరేటర్ విప్పితే అడుగున పచ్చటి జిగురు. ట్యాంకులోంచి పెట్రోలు గాజు సీసాలోకి దించితే రెండు పొరలుగా విడిపోయింది. పైన పెట్రోలు, కింద నీళ్ళలాంటి ద్రవం, దాని అడుగున తుప్పు రజను. ట్యాంకు లోపల వేయించిన పూత పొరలు పొరలుగా లేచిపోయింది. ట్యాంకు కడిగించి, కొత్త పూత వేయించి, కార్బరేటరులో రబ్బరు సామాను మార్చడానికి నాకైన ఖర్చుతో పదేళ్ళపాటు 87 పోయించుకోవచ్చు.

ఇందులో బంకువాడి మోసం లేదు. ఆ 93 లోనూ 10 శాతం ఇథనాల్ ఉంది. బంకు మీద చిన్న చీటీ అతికించే ఉంది. నేను చదవలేదు. పెద్ద అంకె చూసి సంతోషపడి వచ్చేశాను.

ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రీతి. గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని తేమంతా దాని పాలే. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో నీళ్ళు సుమారు అర శాతం చేరేసరికి, ఇథనాలూ నీళ్ళూ జట్టు కట్టి పెట్రోలుని వదిలేసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. ట్యాంకుకి తుప్పు పట్టేది అక్కడే. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆక్టేన్ పెంచిన ఇథనాల్ కిందికి దిగిపోయింది కనక, పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ కూడా పడిపోతుంది. నేను ఏ అంకెకి డబ్బు కట్టానో చివరికి అదీ దక్కలేదు.

పాత బండికి ఇథనాల్ చేసే ఇబ్బంది ఇదొక్కటే కాదు. పాతకాలపు రబ్బరు గొట్టాలు, కార్కు వాషర్లు, ఫైబర్ గ్లాసు ట్యాంకులు, ట్యాంకు లోపలి పాత పూతలు దానికి తట్టుకునేలా చెయ్యలేదు. ఇంకొకటి గాలి లెక్క. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. కొత్త బండ్లలో సెన్సరు ఈ తేడా పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. పాత కార్బరేటరులో జెట్టు కన్నం ఎంతో అంతే. కనక ఇథనాల్ పెరిగేకొద్దీ మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై, ఇంజను వేడెక్కుతుంది, మందకొడిగా లాగుతుంది, చల్లటి పొద్దున కిక్కు కొడితే విసిగిస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? పెట్రోలు మంచిది కాదేమో అనుకుని ఇంకా పెద్ద అంకె ఉన్న మీట నొక్కుతాం. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

సరైన పని, తప్పు కారణం

ఇంగ్లండులో ఉన్న పాఠకులు ఈపాటికి నామీద కోపంగా ఉండవచ్చు. వాళ్ళ విషయంలో నా మాట కాస్త మార్చుకుంటాను. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో మామూలు 95 పెట్రోలులో ఇథనాల్‌ని 5 నుంచి 10 శాతం దాకా పెంచారు. కానీ 97, ఆపైన ఉన్న సూపర్ రకంలో 5 శాతం దాటకుండా ఉంచారు. పాత బండ్లవాళ్ళు దాన్ని వాడుకోండని ప్రభుత్వమే చెప్పింది. కనక లండన్‌లో మీ పాత నార్టన్‌కి సూపర్ పోయిస్తే నేను తప్పుపట్టను. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. మీరు కొంటున్నది ఆ అదనపు ఆక్టేన్ కాదు, తగ్గిన ఇథనాల్. ఆక్టేన్ దానితో పాటు వచ్చిన కొసరు.

అమెరికాలో అంత తేలిక సూత్రం లేదు. ఇక్కడ 93 లోనూ మామూలుగా పది శాతం ఇథనాల్ ఉంటుంది. మిన్నెసోటా లాంటి చోట పాతకాలపు బండ్లకి, మోటారు సైకిళ్ళకి, పడవలకి ఇథనాల్ లేని పెట్రోలు విడిగా అమ్మడానికి చట్టమే వీలిచ్చింది. చాలా రాష్ట్రాల్లో పడవల రేవుల దగ్గర, పల్లెటూరి బంకుల్లో అది దొరుకుతుంది. నేను ఇప్పుడు నెలకోసారి అరగంట దూరం వెళ్ళి తెచ్చుకుంటున్నాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇథనాల్ బెడద లేదు కనక 95 పోయించుకుని నిశ్చింతగా తిరగండి. 98 అక్కరలేదు.

నిజంగా ఆక్టేనే కావలసిన పాత బండ్లు కూడా ఉన్నాయి. అవి లేవంటే అబద్ధమవుతుంది. 1972 నాటి నార్టన్ కమాండో కాంబాట్ ఇంజను 10కి 1. 1969 హోండా సీబీ 750 కూడా 9కి 1. పందేల కోసం పిస్టన్లు మార్చిన బండ్లు ఇంకా పైన ఉంటాయి. దశాబ్దాల తరబడి మసి పేరుకున్న హెడ్డు కూడా కుదింపుని పెంచుతుంది. అలాంటివాటిలో టైమింగ్ సరిగ్గా ఉన్నా నాకింగ్ వినిపిస్తే ఒక మెట్టు పైరకం పోయించుకోవలసిందే. చెవితో విని, అవసరం తెలుసుకుని పోయించుకోవడం వేరు. ముసలాయన కదా అని పోయించుకోవడం వేరు.

"పోనీలెండి, ఎక్కువ ఆక్టేన్ వల్ల హాని లేదుగా, నా డబ్బు నా ఇష్టం" అనవచ్చు. నిజమే, ఇంజనుకి హాని లేదు. హాని మనకే. ఖరీదైనది పోశాం కనక మన బాధ్యత తీరిందనుకుంటాం. పాయింట్ల గ్యాపు చూడం, టైమింగ్ చూడం, పెట్రోలు ఎన్ని నెలల పాతదో చూడం. నా ట్యాంకు పాడైంది ఇథనాల్ వల్ల ఎంతో, ఆ ధీమా వల్లా అంతే.

తెనాలిలో ఇంకో బుల్లెట్టు

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఇది మా గరాజు గొడవే అయితే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. తెనాలిలో మా నాన్నగారి బుల్లెట్టు ఒకటి ఉంది. ఆయన వయసు డెబ్భై ఎనిమిది. ఇప్పటికీ పొద్దున్నే మార్కెట్టుకి దానిమీదే వెళతారు. 2025 వేసవిలో అది మొరాయించడం మొదలుపెట్టింది. వేడెక్కితే ఆగిపోవడం, రెండు రోజులు నిలబెడితే కిక్కుకి అందకపోవడం. ఒకరోజు కాలవ కట్ట మీద ఎండలో ఆగిపోతే, ఎవరో కుర్రాళ్ళు తోసుకుంటూ ఇంటికి చేర్చారట. ఆ తర్వాత ఆయన బండి తియ్యడం మానేశారు. ఆ సంగతి మా అమ్మ చెబితే తెలిసింది.

నేను ఏం చేసి ఉంటానో మీరు ఊహించగలరు. డబ్బు పంపాను. "నాన్నగారూ, ఆ వంద ఆక్టేన్ పెట్రోలు పోయించండి" అన్నాను. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో లీటరు 160 రూపాయలకి మొదలుపెట్టిన రకం అది. "దగ్గర బంకుల్లో అది లేదురా. విజయవాడ వెళ్ళి డబ్బాలో తెచ్చుకోమంటావా?" అన్నారాయన.

ఇండియాలో 2022కి పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలిపారు. 2030కి చేరాలనుకున్న 20 శాతం 2025లోనే చేరిపోయింది. దిగుమతుల బిల్లు తగ్గించడం, చెరకు రైతుకి గిరాకీ పెంచడం వీటి వెనక ఉద్దేశం. నేను దాన్ని కాదనను. కానీ ఆ 20 శాతాన్ని తట్టుకునే సామానుతో కొత్త బండ్లు తయారుకావడం మొదలైంది 2023లోనే. అంతకు ముందు కోట్ల కొద్దీ బండ్లు రోడ్డెక్కాయి. వాటిలో మనలాంటివాళ్ళ సరదా బండ్లు పిడికెడు. మిగతావి పాలవాడివి, కూరగాయలవాడివి, బడిపంతులువి. ఇథనాల్ 20 శాతానికి పెంచితే, పాత ద్విచక్ర వాహనాల మైలేజి మూడు నాలుగు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాతవాటి కోసం పది శాతం రకాన్ని రక్షణగా అందుబాటులో ఉంచాలని కూడా అందులో ఉంది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని, బంకుల్లో శాతం స్పష్టంగా రాయాలని కోరిన పిటిషన్ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఇథనాల్ కలపడం తప్పు కాదు. చెప్పకుండా కలపడం, ఎంచుకునే దారి లేకుండా కలపడం తప్పు. బ్రిటన్ చేసిన పని ఇండియా చెయ్యలేనిది కాదు. ప్రతి బంకులోనూ ఆక్టేన్ ఎంత పెద్ద అక్షరాల్లో రాస్తున్నారో ఇథనాల్ శాతం కూడా అంత పెద్ద అక్షరాల్లో రాయాలి. పాత బండికి తక్కువ ఇథనాల్ రకం ఒకటి, వంద ఆక్టేన్ ధరకి కాకుండా మామూలు మనిషి కొనగల ధరకి దొరకాలి. తక్కువ ఇథనాల్ కావాలంటే అక్కరలేని ఆక్టేన్ కూడా కొనమనడం, పెరుగు కావాలంటే ఫుల్ మీల్స్ టిక్కెట్టు తీసుకోమన్నట్టుంది.

ఏం చెయ్యాలి?

ప్రభుత్వాలు కదిలేలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మీ బండి కుదింపు నిష్పత్తి ఎంతో పుస్తకంలో చూడండి. ఎనిమిది లోపు ఉంటే ఆక్టేన్ గురించి మరిచిపోండి. బంకులో ఇథనాల్ ఎంత అని అడగండి. ప్రీమియం పేరుతో అమ్మేవన్నీ ఇథనాల్ లేనివి కావు. నెల పైగా బండి తియ్యకపోతే కార్బరేటర్ ఖాళీ చెయ్యండి. ట్యాంకు ఖాళీ చెయ్యండి, లేదా ఇథనాల్ లేని పెట్రోలుతో నిండుగా ఉంచండి. సగం మాత్రం వదలకండి. రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునే రకానికి మార్చండి. ఎక్కువ ఇథనాల్ తప్పకపోతే జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసుకోండి. అన్నిటికన్నా ముందు టైమింగ్. నాకింగ్ వినగానే పర్సు తీసేముందు స్పానరు తియ్యండి.

తెనాలి బుల్లెట్టు చివరికి బాగుపడింది. వంద ఆక్టేన్ పోసి కాదు. మార్కెట్టు వెనక ముప్ఫై ఏళ్ళుగా బుల్లెట్లే చూస్తున్న మెకానిక్ ఒకాయన గొట్టం మార్చాడు, ట్యాంకు కడిగాడు, జెట్టు ఒక సైజు పెంచాడు, పాయింట్లు సాఫు చేసి టైమింగ్ సరిచేశాడు. నేను పంపిన డబ్బులో పదో వంతు కూడా అవలేదు. ఈ కిటుకులన్నీ చెబుదామని నాన్నగారికి ఫోను చేస్తే ఆయన అప్పటికే మార్కెట్టుకి వెళ్ళిపోయారు, బండి మీదే.

సాయంత్రం మళ్ళీ చేశాను. "ఇంకేం పంపమంటారు?" అన్నాను. "ఏమీ పంపకురా. సంక్రాంతికి వస్తావుగా, ఓ రోజు కూర్చుని ఆ పాయింట్లు ఎలా పెట్టాలో నువ్వూ నేర్చుకుందువుగాని. ఆ మెకానిక్‌కీ వయసు మీద పడుతోంది" అన్నారు. టిక్కెట్టు కొన్నాను.